క్లచ్చిల చిక్కిన గాలి

2024 ఫిబ్రవరి 5, సోమవారం

కొత్త సంవత్సరానికి కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ. నెల రోజులు అట్టపెట్టెలనే ఉన్నది, ఇయ్యాల తీసిన. ఇంట్ల మాట్లాడుకుందామంటే ఎవరున్నరు? అమ్మ మాట్లాడుతది గని పొద్దటి గోలీ, మాపటి గోలీ, అంతే. బాపు ఒక్కటే మాటంటడు. "అదే."

నీళ్ళు కావాలన్నా అదే. ఫ్యాను బంద్ చెయ్యాలన్నా అదే. నవంబర్ల పచ్చవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, నోరు పట్టుకున్నది. కాలు జర మర్లింది, కట్టె పట్టుకొని వాకిట్లకు వస్తాండు. నోరు మాత్రం ఆ ఒక్క మాట కాడ్నే ఆగింది. లోపల అన్నీ తెలుస్తయట, బయటికొచ్చే తొవ్వనే మూసుకపోయిందట. దవాఖానల డాక్టరమ్మ చెప్పింది.

చౌటుప్పల్ మందుల కంపెనీ ల్యాబుకు వారం సెలవు పెట్టిన. వచ్చే సోమవారం డ్యూటీకి పోత.

ఫిబ్రవరి 6

మాట రావాలని డాక్టరమ్మ బొమ్మల కార్డులిచ్చింది. ఆవు, గులాబి పువ్వు, గొడుగు. ఒక్కొక్కటి ముందల పెట్టి "ఇదేంది బాపు?" అని అడగాలె. నిన్న అన్నిటికీ అదే అన్నడు. ఇయ్యాల మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు.

నలభై ఏండ్లు ఇంజన్లు ఇప్పిన మనిషిని పట్టుకొని ఆవు ఏదని అడిగితే ఆయనకెట్లుంటది? నేనైనా మొఖం తిప్పుకుంట.

ఫిబ్రవరి 7

అమరేందర్ మామ ఫోను. అమ్మ తమ్ముడు. ఇంటి ముందటి బాపు మెకానిక్ షెడ్డును టైల్సు దుకాణం పెట్టెటోళ్ళకు కిరాయికి ఇద్దామంటాండు. పాత హైవే మొఖాన ఉన్న జాగా, ఊకె తాళమేసి ఏం చేస్తరు, బావ ఇగ పానా పడుతడా ఏంది, అన్నడు. స్పీకర్ల పెట్టింది అమ్మ. బాపు విన్నడు.

"ఏమంటవ్?" అని అమ్మ అడిగింది.

"అదే" అన్నడు బాపు.

అమ్మ దాన్ని సరే అనుకున్నది. నేను గూడ సరే అనుకున్న.

అనుకున్ననా?

ఫిబ్రవరి 8

షెడ్డు తాళం తీసిన, సామాను ఖాళీ చెయ్యాలె గద. మూడు నెలల దుమ్ము. ఊడ్చిన. పానాలన్నీ సైజు ప్రకారం గోడకు తగిలిచ్చిన. ఖాళీ చేసేటోళ్ళు సర్దరు అని అమ్మ అన్నది. ఏదో అలవాటు, అన్న.

ఫిబ్రవరి 9

పానాలకు నూనె పెట్టిన. తుప్పు పట్టొద్దని. అంతే.

ఫిబ్రవరి 10, శనివారం

పొద్దున పదింటికి వాకిట్ల ట్రాక్టరు ఆగింది. దాని ఎన్క తాడు. తాడుకు నకిరేకల్ ముజఫ్ఫర్ చిచ్చా బండి. పది పన్నెండు మంది పట్టే ఇరవై ఏండ్ల బండి, తలుపు మీద ఎర్రరంగుతోని ముజఫ్ఫర్ బ్యాండ్ మేళం అని రాసి ఉంటది. ముందటి సీట్ల చిచ్చా స్టీరింగు పట్టుకొని ఉన్నడు. ఎన్క సీట్ల పెద్ద డోలు కొట్టే కాటమయ్య, డోలును పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు.

"అయిలన్న ఏడి?" అన్నడు చిచ్చా దిగంగనే.

"లోపలున్నడు చిచ్చా. నీకు తెల్వంది కాదు గద..."

"ఎర్కనే బేటీ. మాట పోయింది, చెవులైతే పోలేదు గద!"

సక్కగ లోపలికి పోయి, మంచం పక్కన పీటేసుకొని, డాక్టరుకు చెప్పినట్టే బాపుకు చెప్పవట్టిండు. "అన్నా, క్లచ్చి తొక్కితే కిందికి పోయింది, మల్ల పైకి రాలే. గేరు పడుత లేదు, గర్రుమంటాంది. కట్టంగూరు కాడ రోడ్డు మీదనే ఆగింది. పోయిన నెల నుంచి ఆయిలు గూడ తగ్గుతాంది, పోస్తనే ఉన్న, తగ్గుతనే ఉన్నది."

బాపు కండ్లు మూసుకొని విన్నడు. నేను ఆయన కాలు దిక్కు చూస్తున్న. ఎడమ కాలు. మంచం మీద నుంచి నేలకు ఆనిచ్చి, మెల్లగ ఒత్తిండు, మెల్లగ వదిలిండు. మల్ల ఒత్తిండు.

"అదే" అన్నడు.

చిచ్చా బయటికొచ్చినంక నాతోని అన్నడు. మేడారం జాతర దగ్గరవడ్డది, ఏ షెడ్డు కాడ చూసినా పది బండ్లు లైన్ల ఉన్నయట. జాతర అయినంక రమ్మంటాండ్రట. పద్దెనిమిది ఆదివారం నాడు మునుగోడుల పెండ్లి. పదిమంది మనుషులు, డోళ్ళు, మైకు సెట్టు, అంతా ఈ ఒక్క బండిలనే పోవాలె.

"అందరు డీజే పెడుతాండ్రు బేటీ. రెండేండ్ల సంది మమ్మల్ని పిలిచెటోడు లేడు. ఈ పిల్ల తండ్రి ఒక్కడే, నా బిడ్డ పెండ్లికి బ్యాండే ఉండాలె అన్నడు. ఇది గూడ చెడగొట్టుకుంటే ఇగ క్లారినెట్ను పొయిల పెట్టుకునుడే."

"నాతోని కాదు చిచ్చా. నేను ల్యాబుల సీసాలు కడుక్కునేదాన్ని."

"ఎనిమిదో తరగతిల బ్రేకులు ఇప్పి బిగిచ్చినవ్, నా బండియే. నేను మర్వలే."

ఊకె చూస్త, చూసి చెప్త అన్న. చూసుటానికేం పోతది.

ఫిబ్రవరి 11, ఆదివారం

చూసిన.

పెడల్ తొక్కితే బానెట్ కింది పెద్ద సిలిండరు ఆయిలును నూకుతది. ఆ ఆయిలు సన్నగొట్టంల పోయి గేరుబాక్సు పక్కనున్న చిన్న సిలిండరును నూకుతది. చిన్నదాని ముందటి పుల్ల క్లచ్చిని నూకుతది. చిన్నప్పుడు బాపు చెప్పిన పాఠం ఇది, నూకుడు మీద నూకుడు.

పెద్దది పొడిగనే ఉన్నది. కింద పాత ఫ్లెక్సీ పరుచుకొని బండి కిందికి జొరవడ్డ. చిన్న సిలిండరు రబ్బరు టోపీ పట్టి చూస్తే చెయ్యంతా ఆయిలు. లోపలి రబ్బరు అరిగి కారుతాంది. దాన్నే స్లేవ్ సిలిండర్ అంటరు. అది మారిస్తే అయిపాయె.

గొట్టం నట్టు ఇప్పుతుంటే అమ్మ వచ్చింది. బండి కింద నుంచి నా కాళ్ళే కనబడుతున్నయి అమ్మకు.

"ఏందే ఇది? నూనె మరకల పొర్లేటందుకేనా నిన్ను కెమిస్ట్రీ చదివిపిచ్చింది? ఏసీ గదిల తెల్లకోటేసుకొని కూసునే పిల్లవు!"

"ఒక్క బండే అమ్మా. చిచ్చా బండి గద."

అమ్మ లోపలికి మర్లింది. పోయేటప్పుడు మాత్రం ఫ్లెక్సీ ఒక దిక్కు మడతబడ్డది, సరిచేసి పోయింది.

నట్టు మూలలు అరిగినయి, సగం రోజు దానికే పాయె. సిలిండరు బయటికొచ్చింది. గుప్పిట్ల పట్టేంత ఉన్నది. ఈ ఇంత దాని కోసం పదిమంది మేళం ఆగింది.

బాపు దగ్గరికి తీస్కపోయి అరచేతుల పెట్టిన. ఎడమ చేత్తోని పుల్లను ఒత్తి చూసిండు. వేలుకు అంటిన ఆయిలును ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసిండు. ఈ వారంల బాపు గోడ దిక్కు తిరగంది ఇయ్యాల్నే.

ఫిబ్రవరి 12, సోమవారం

డ్యూటీకి పోలే. ఇన్‌ఛార్జి సారుకు ఫోన్ జేసి శుక్రవారం దాక సెలవు పెంచమన్న. బాపుకు బాగలేదని చెప్పిన. అబద్ధమేం కాదు.

నల్లగొండ పోయిన. దుకాణపాయన నా చేతుల పాత సిలిండరును చూడలే, నన్ను చూసిండు. "మెకానిక్‌ను పంపమ్మా, ఏది పడితే అది తీస్కపోయి మల్ల వాపస్ తెస్తరు" అన్నడు.

"మెకానిక్‌నే" అన్న.

ఎందుకన్ననో తెల్వది. నోట్లకెల్లి అట్ల వచ్చింది. బస్సుల మా చిట్యాల దాక అదే మాట తలుచుకుంట నవ్వుకుంట వచ్చిన. పక్క సీటామె జరిగి కూసున్నది.

ఫిబ్రవరి 13

కొత్తది బిగిచ్చిన. దీనికి రెండు బొక్కలు, రెండూ ఒక్క సైజే. ఒకదాంట్ల ఆయిలు గొట్టం, ఇంకోదాంట్ల గాలి తీసే నిప్పల్. గొట్టం ఏ బొక్కకు సులువుగ అందిందో దాంట్లనే పెట్టి బిగిచ్చిన. పాతదాన్నేమో ఫోటో తియ్యకముందే ఇప్పి పెట్టిన. ఏం కాదు. సూటిగ కూసున్నది. మంచిగనే వచ్చింది.

రేపు గాలి తీసుడు ఒక్కటే మిగిలింది. గొట్టంల గాలి ఉంటే పెడల్ మెత్తగనే ఉంటది. ఆయిలు అణగదు, గాలి అణుగుతది. మా ల్యాబుల గూడ అంతే, బ్యూరెట్ కొనకు చిన్న బుడగ ఉన్నా లెక్కంతా తప్పుతది.

ఫిబ్రవరి 14

గాలి తీసేటందుకు ఇద్దరు కావాలె. ఒకరు పెడల్ తొక్కి పట్టాలె. ఇంకొకరు కింద నిప్పల్‌ను జర వదులు చెయ్యాలె. గాలి, ఆయిలు కలిసి సీసల పడుతయి. నిప్పల్ బిగిచ్చినంకనే పెడల్ వదలాలె. ముందే వదిలితే బయటి గాలిని మల్ల లోపలికి గుంజుకుంటది.

అమ్మను బతిమిలాడిన. కొంగు నడుముకు చెక్కుకొని డ్రైవరు సీట్ల కూసున్నది, ముప్పై ఏండ్ల సంసారంల మొదటిసారి.

"తొక్కమ్మా!"

"ఏదే? మూడున్నయి!"

"ఎడమ దిక్కుది!"

తొక్కింది. నేను నిప్పల్ వదిలిన. గంతల్నే అమ్మకు వంటింట్ల పాలు పొయ్యి మీదున్నయని యాదికొచ్చింది. కాలు తీసి ఉరికింది. బుస్సున గాలి లోపలికి పాయె, సీసల ఆయిలంతా నా మొఖం మీద పడె. నేను మొత్తుకున్న, అమ్మ వంటింట్ల నుంచి మొత్తుకున్నది, బండి సంగతి చూసిపోదామని అప్పుడే వచ్చిన కాటమయ్య డోలు మీద దబ్బున ఒకటేసిండు.

పాలు పొంగలేదట. బండి మాత్రం కాలే. ముప్పై సార్లు తొక్కింది పాపం. పెడల్ అట్లనే మెత్తగ, అన్నంల వేలు పెట్టినట్టు.

ఫిబ్రవరి 15

ఇయ్యాల చిచ్చా తొక్కిండు. అరవై సార్లు. సీస నిండింది, పారబోసిన, మల్ల నిండింది. బుడగలు రావుడు ఆగిపోయింది. పెడల్ మాత్రం మెత్తగనే ఉన్నది.

నాతోని కాదని ముందే చెప్పిన గద.

రాత్రి అన్నం తినలే. అమ్మ తిట్టకుండ గిన్నె మీద మూత పెట్టింది. అది మరీ కష్టమైంది, తిట్టినా బాగుండు.

ఫిబ్రవరి 16, శుక్రవారం

ఈ దినం మొత్తం రాసుకోవాలె. ఒక్క ముక్క మర్వద్దు.

పొద్దున లేచెటాలకు బాపు మంచం మీద లేడు. వాకిట్లకు ఉరికిన. చూస్తే షెడ్డుల ఉన్నడు. కట్టె పట్టుకొని, ఒక్కడే, గడప దాటి, మూడు మెట్లు దిగి వచ్చిండు. బండి ముందల నిలబడి బానెట్ మీద ఎడమ చెయ్యి పెట్టిండు, కొట్టంల బర్రె ఈనేటప్పుడు వీపు నిమిరినట్టు.

స్టూలు ఏసి కూసోబెట్టిన. "కాలే బాపు. రెండు రోజుల సంది తీస్తున్న, గాలి పోత లేదు" అన్న. అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

చెయ్యి చాపిండు. ఏం కావాల్నో సమజ్ కాలే. బాపు వంగి చూడలేడు, అందుకని బండి కిందికి పోయి సిలిండరు ఫోటో తీసుకొచ్చి ఫోను చేతుల పెట్టిన. చూసిండు. వేలుతోని ఒత్తి చూపిస్తాండు. "అదే! అదే!" ఫోనును తలకిందులు చేసిండు.

తప్పు పట్టుకున్నడేమోనని నేను మల్ల సక్కగ తిప్పిచ్చిన. ఆయన మల్ల తలకిందులు చేసిండు. నేను సక్కగ తిప్పిన. "అదే!" అని మోకాలు మీద కొట్టుకొని, ఈసారి తలకిందులు చేసి ఫోనును గట్టిగ పట్టుకున్నడు, వదులుత లేడు.

అప్పుడు చూసిన. తలకిందుల ఫోటోల నిప్పల్ పైకున్నది, గొట్టం కిందికున్నది.

నేను బిగిచ్చిందాంట్ల నిప్పల్ కిందికున్నది!

గాలి పైకి పోతదని ఆరో తరగతి పిల్లకు గూడ ఎర్కే. కింది బొక్క నుంచి ఎన్నిసార్లు తీసినా ఆయిలే వస్తది, గాలి పైన సల్లగ కూసుంటది. రోజూ బ్యూరెట్ల బుడగలు చూసేదాన్ని, కెమిస్ట్రీల ఫస్ట్ క్లాసు నాకు! తల బండికేసి కొట్టుకున్న. బాపు నవ్విండు. కుడి దిక్కు మూతి కదల్లే, ఎడమ దిక్కు మొత్తం నవ్వింది. నవంబర్ నుంచి మొదటిసారి.

గంటల గొట్టం కిందికి, నిప్పల్ పైకి మార్చి బిగిచ్చిన. డబ్బల ఆయిలు పోసిన. గంతల చిచ్చా, కాటమయ్య గూడ వచ్చిన్రు. చిచ్చా తలుపు తీసి ఎక్కబోయిండు. బాపు కట్టె అడ్డం పెట్టిండు.

"ఏందన్నా?"

"అదే" అని తన ఎడమ కాలు దిక్కు చూపిచ్చిండు.

పచ్చవాతం కుడి దిక్కు కొట్టింది. క్లచ్చి తొక్కేది ఎడమ కాలు! ఈ మూడు నెలల్ల ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలే.

"వద్దు, పడిపోతడు" అన్నది అమ్మ.

"నలుగురం ఉన్నం వదినా, ఎట్ల పడుతడు?" అని చిచ్చా ఒక దిక్కు, కాటమయ్య ఒక దిక్కు పట్టుకొని మెల్లగ ఎక్కిచ్చిన్రు. ముందుగాల సీట్ల కూసోబెట్టి, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పిన్రు. బాపు ఎడమ చేత్తోని స్టీరింగు పట్టుకున్నడు. సక్కగ కూసున్నడు. అమ్మ కొంగు నోటికి పెట్టుకున్నది.

నేను కింద జొరవడ్డ.

"తొక్కు బాపు!"

పైన పెడల్ సప్పుడు. జర సేపైనంక, "అదే."

పట్టినట్టే అని నిప్పల్ వదిలిన. పుస్సున గాలి! ఎంత గాలో! సీసల ఆయిలు తుకతుక మరిగినట్టు బుడగలు. బిగిచ్చిన.

"వదులు!"

పెడల్ దానంతటది లేవదు గద, బాపు కాలి వేళ్ళు కింద పెట్టి పైకి లేపుతాండు. ఆ సప్పుడు వింటున్న.

"తొక్కు!" "అదే." "వదులు!" "తొక్కు!" "అదే." "వదులు!"

ఒక లెక్కల పడ్డది. ఆయన తొందరపడుత లేడు, నేను తొందరపడుత లేను. అమ్మ లెక్క కాదు, చిచ్చా లెక్క కాదు. నేను బిగిచ్చినదాక ఆ కాలు కొండ లెక్క నిలబడుతాంది. బుడగలు పెద్దయి పాయె, చిన్నయి వచ్చినయి, ఆవాలంతయి.

పదకొండోసారో పన్నెండోసారో.

"తొక్కు!"

"పట్టిన."

నేను నిప్పల్ వదిలిన, గాలి తీసిన, బిగిచ్చిన. వదులు అన్న. తొక్కు అన్న.

"పట్టిన."

అప్పుడు నా చెవులకెక్కింది. పానా చేతులకెల్లి జారి మొఖం పక్కన పడ్డది. బండి చుట్టు నిలబడ్డ కాళ్ళన్నీ, అమ్మవి, చిచ్చావి, కాటమయ్యవి, ఒక్కటీ కదలలే.

"బాపూ, ఏమన్నవ్?"

సప్పుడు లేదు. అడగకపోయేదుండె అనుకున్న. పానా మల్ల చేతుల పట్టిన. "తొక్కు బాపు" అన్న.

"పట్టిన. పట్టిన."

ఇగ అమ్మ ఏడ్సుడు మొదలువెట్టింది. చిచ్చా "యా అల్లా" అంటాండు. నేను బండి కిందనే పండుకొని ఏడుస్త నవ్వుతున్న, కండ్లల్ల నీళ్ళు చెవులల్లకు పోతున్నయి, ఆయిలు చేతులతోని తుడుచుకుందామంటే రాదు. ఇంకా ఆరుసార్లు తీసినం. ఆఖరి రెండుసార్లు ఒక్క బుడగ రాలే, తేనె లెక్క సక్కటి ధార.

పెడల్ గట్టిపడ్డది. బాపు తొక్కి చూసిండు, వదిలిండు. దానంతటదే పైకొచ్చింది. చిచ్చా కిటికీలకెల్లి చెయ్యి పెట్టి తాళం తిప్పిండు, ఇంజను స్టార్టయింది. బాపు క్లచ్చి తొక్కి ఎడమ చేత్తోని గేరు ఏసిండు. గర్రు లేదు, కిర్రు లేదు, వెన్నల కత్తి దిగినట్టు దిగింది.

కాటమయ్య డోలు మెడకేసుకున్నడు. చిచ్చా క్లారినెట్ తీసిండు. పట్టపగలు మా వాకిట్ల ఎవరి పెండ్లీ లేకుండనే మేళం మోగింది. రోడ్డు మీద పోయెటోళ్ళు బండ్లాపి, పిల్ల యాడున్నదని అడిగిన్రు.

ఫిబ్రవరి 17

ఇయ్యాల బాపు పొద్దుగూకేదాక మూడు మాటలన్నడు. పట్టిన. ముజ్జు. చాయ్.

నా పేరు కంటె ముందు ముజ్జు వచ్చింది. చిచ్చా ఫోన్ల విని ఎగురుతాండు. నాకేం బాధలేదు. జర ఉన్నది.

ఫిబ్రవరి 18, ఆదివారం

మునుగోడు పోయొచ్చినం. కాళ్ళు నొస్తున్నయి, చెయ్యి రాస్త లేదు, కాని రాయాలె.

బండి నేనే నడిపిన. "బాగు చేసింది నువ్వు, మధ్యల ఆగితే బాధ్యురాలివి నువ్వే" అని చిచ్చా తాళం నా చేతుల పెట్టిండు. పక్క సీట్ల బాపు, ఇస్త్రీ అంగి. ఎన్క ఎర్రకోట్లు తొడుక్కున్న పదిమంది, పైన డోళ్ళు, మైకు సెట్టు.

ఇంటి నుంచి పోయేటప్పుడు భయమే లేకుండె. అసలు పరీక్ష మునుగోడుల మొదలైంది. పెండ్లికొడుకును ఎదురుకొని మండపం దాక తీస్కపోవాలె, మేళం ముందల నడుస్తది, మైకున్న మా బండి వాళ్ళ ఎన్కనే పోవాలె. మనిషి నడక కంటె మెల్లగ. పది అడుగులు, ఆగు. ఐదు అడుగులు, ఆగు. ముసలమ్మలు గూడ ఎగురుతుంటే ఇంకా ఆగు. సగం క్లచ్చి, పూరా క్లచ్చి, సగం క్లచ్చి. గంటన్నర. ఏ మూలన్న ఇంత గాలి మిగిలి ఉన్నా అక్కడ్నే పెండ్లిజనం మధ్యల ఆగిపోతుండె.

ప్రతిసారి తొక్కంగనే బాపు నా కాలు దిక్కు చూస్తాండు, నేను బాపు మొఖం దిక్కు చూస్తున్న. పెడల్ ఒక్కసారి గూడ మెత్తపడలే. సగం దూరం పోయినంక బాపు నా కాలు చూసుడు బంద్ జేసి కిటికీలకెల్లి మేళాన్ని చూడవట్టిండు. డోలుకు సరిగ్గ ఎడమ చేత్తోని తలుపు మీద కొడుతాండు.

పెండ్లికూతురు తండ్రి వచ్చి చిచ్చాను కావలిచ్చుకున్నడు. అక్కడ్నే ఇంకో ఇద్దరు చిచ్చా నంబరు రాసుకున్నరు. ఏప్రిల్ల ఒకటి, మే నెలల ఒకటి. ఒక పోరి నా కాడికొచ్చి, "అక్కా, నువ్వు బ్యాండుల ఏం వాయిస్తవ్?" అని అడిగింది.

"క్లచ్చి" అన్న.

ఫిబ్రవరి 19, సోమవారం

మల్ల పోలే. ఈసారి సారుకు ఏం చెప్పిన్నో రాయను. జాతరకు పోయే జీపొకటి పొద్దుగాలనే వచ్చింది, బ్రేకుల సప్పుడట. మునుగోడుల ఎవరో చెప్పిన్రట. ఒక్క జీపే.

ఫిబ్రవరి 20

ఇంకో బండి.

ఫిబ్రవరి 22, గురువారం

అమరేందర్ మామ టైల్సాయన్ను వెంటబెట్టుకొని వచ్చిండు. చేతుల కొలిచే టేపు. షెడ్డుల జీపున్నది, దాని ఎన్క ట్రాలీ ఆటో ఉన్నది, వాకిట్ల ఒక కారున్నది. ఆటో కింద నేనున్న. స్టూలు మీద బాపు.

"బావా, గీన జాగా కొలుచుకపోతడు" అన్నడు మామ.

బాపు చూసిండు. టేపును చూసిండు. నోరు తెరిచి, మూసి, మల్ల తెరిచిండు. మాట కోసం లోపల దేవులాడుతుంటడు గద, ఆ దేవులాట నాకు కింద నుంచి గూడ కనబడ్డది. ఎవ్వరం అందియ్యలే. అమ్మ గూడ.

"జాగ... లేదు."

టైల్సాయన షెడ్డంతా చూసి, "నిజమే గద" అన్నడు.

మామకు నవ్వాల్నో కోపం చెయ్యాల్నో సమజ్ కాలే. అమ్మే లేచి, "కూసో తమ్మీ, చాయ్ తాగి పో" అన్నది. టేపు తీసుకొని మడత పెట్టి మామ జేబుల పెట్టింది.

మామ పోయినంక అమ్మ నా దిక్కు చూసింది. "తెల్లకోటు ఉతికి పెట్టిన. ల్యాబుకు ఏసుకపోతవా, షెడ్డుల తొడుక్కుంటవా, చెప్పు. షెడ్డుల అయితే నీలం రంగేపిస్త. తెలుపు ఉతుకుడు నాతోని కాదు."

ఫిబ్రవరి 26, సోమవారం

డ్యూటీకి పోయిన. నెల నోటీసు కాయిదం ఇచ్చిన. సారు మూడుసార్లు చదివిండు. "ఎక్కడ జాబు వచ్చిందమ్మా?" అన్నడు.

చిట్యాలల, అన్న.

బస్సు దిగెటాలకు భయమైంది. మంచి నౌకరి. నెల నెల జీతం. తప్పు చేసిన్నేమో. ఇంటికి పోయి అన్నం తినకముందే వాకిట్ల ఉన్న కారు బ్రేకులు చూసిన. భయం పోయింది. పూరాగ పోలే. సగం.

ఫిబ్రవరి 29, గురువారం

నోటీసు నెల అయ్యేదాక రాత్రి డ్యూటీ అడుక్కున్న, మధ్యాహ్నం షెడ్డులనే ఉన్న. ఒక టీచరమ్మ కారు, ముందటి చక్రం ఇప్పాలె. ఆమెకు బడి టైమైతాందని తొందరల జాకి పెట్టి లేపుతున్న. బాపు వాకిట్ల కుర్చీల కూసొని కునుకుతాండనుకున్న.

"గాడిదీ!"

చేతులు ఆగిపోయినయి.

"ఎన్క చక్రానికి... రాయి పెట్టకుండ... జాకి లేపుతవా? మీద పడితే... సస్తవే!"

అంత పొడుగు మాట. అడ్డం పడుకుంట, ఆగుకుంట, కాని ఒక్క ముక్క తప్పలే. బాపు కట్టె పట్టుకొని లేచి నిలబడ్డడు, కోపంతోని వణుకుతాండు. తనేం మాట్లాడిండో తనకే సమజ్ కానట్టు మా మొఖాలు చూస్తాండు. టీచరమ్మ జడుసుకొని గోడకానుకున్నది. అమ్మ వంటింట్ల నుంచి గరిటె పట్టుకొని ఉరికొచ్చింది. దాన్నుంచి పప్పు కారుతాంది.

జాకి దించిన. పోయి రాయి తెచ్చి చక్రం ఎన్క పెట్టిన. బాపు ముందల నిలబడ్డ.

"మల్లొకసారి తిట్టు బాపు" అన్న.

తిట్టిండు.